మద్రాసు మ్యూజిక్ అకాడమీలో రోజంతా కచేరీలు వినాలంటే

ధనుర్మాసం వచ్చిందంటే మద్రాసులో తెల్లవారుజామున గుళ్ళలో తిరుప్పావై, పొద్దెక్కిన దగ్గర్నుంచి సభల్లో, అంటే సంగీత సంస్థల హాళ్ళలో, కచేరీలు. ఆ సభల్లో పెద్దది, తెలుగువాళ్ళు ఒక్కసారైనా వెళ్ళి కూర్చోవలసినది రాయపేట టీటీకే రోడ్డులోని మ్యూజిక్ అకాడమీ. అక్కడి సంగీతోత్సవం మామూలుగా డిసెంబరు 15న మొదలై జనవరి 1న బిరుదులు అందించే సదస్సుతో ముగుస్తుంది. ఆ తర్వాత జనవరి మొదటి వారంలో నృత్యోత్సవం ఉంటుంది.

మొదటిసారి వెళ్ళేవాళ్ళు ఎక్కువగా చేసే పొరపాటు, మూడు రోజుల్లో ఏడు సభలు చుట్టేద్దామనుకోవడం. కాగితం మీద బాగానే ఉంటుంది. తీరా వెళ్ళాక సగం రోజు ఆటోల్లోనే గడిచిపోతుంది. ఒక చోట ప్రధాన రాగం మధ్యలో లేవాలి, ఇంకో చోట ప్రధాన రాగం మధ్యలో దూరాలి. రెండూ దక్కవు. ఒక్క సభ, ఒక్క రోజు, పొద్దున్నుంచి రాత్రి దాకా పెట్టుకోండి. ఇక్కడ చెప్పేదంతా ఆ లెక్కమీదే.

వెళ్ళే ముందు తెలిసి ఉండాల్సినంత చరిత్ర

1927 డిసెంబరులో మద్రాసులో కాంగ్రెస్ మహాసభ జరిగినప్పుడు దానితోపాటే అఖిల భారత సంగీత సదస్సు కూడా జరిగింది. అందులోంచి 1928లో అకాడమీ పుట్టింది. సంగీతోత్సవం డిసెంబరులో రావడానికి మూలం అదే. ఇప్పటి భవనానికి 1955లో జవాహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1962 డిసెంబరులో మైసూరు మహారాజు జయచామరాజ ఒడయారు ప్రారంభించారు. పెద్ద హాలుకు టి.టి. కృష్ణమాచారి పేరు, చిన్న హాలుకు కస్తూరి శ్రీనివాసన్ పేరు. మీ రోజు చిన్న హాల్లో మొదలై పెద్ద హాల్లో ముగుస్తుంది కాబట్టి ఈ రెండు పేర్లూ గుర్తుంచుకోండి.

అకాడమీ ఇచ్చే సంగీత కళానిధి బిరుదు 1942లో మొదలైంది. అది అందుకున్న మనవాళ్ళలో మంగళంపల్లి బాలమురళీకృష్ణ (1978), శ్రీపాద పినాకపాణి (1983), నేదునూరి కృష్ణమూర్తి (1991), నాదస్వర విద్వాంసులు షేక్ చినమౌలానా (1998), వయొలిన్ విదుషి అవసరాల కన్యాకుమారి (2016) ఉన్నారు. కళానిధుల చిత్రాలు లోపల గోడల మీద కనిపిస్తాయి. కచేరీకి అరగంట ముందు చేరితే వాటి ముందు నింపాదిగా నిలబడొచ్చు. విరామంలో చూద్దామంటే జనంలో కుదరదు.

రోజు ఎంచుకోవడం

సీజనుకు కొన్ని వారాల ముందే పూర్తి కార్యక్రమ పట్టిక అకాడమీ వెబ్‌సైట్లో, పత్రికల్లో వచ్చేస్తుంది. అందులో పాడేవారి పేరు మాత్రమే చూసి తేదీ పెట్టుకోకండి. పేరు కింద వరసగా వయొలిన్, మృదంగం, ఘటమో (మట్టికుండ) కంజీరానో (చిన్న చేతి డప్పు) వాయించేవాళ్ళ పేర్లుంటాయి. మధ్యాహ్నం రెండు, సాయంత్రం రెండు కచేరీలు ఉంటాయి. సాయంత్రం వాటిలో ఒకటి గాత్రం, మరొకటి వాద్యం అయిన రోజు దొరికితే అది పట్టుకోండి. వరసగా నాలుగు గాత్ర కచేరీలు వింటే అలవాటు లేని చెవి అలిసిపోతుంది. మధ్యలో వీణో, వేణువో, నాదస్వరమో పడితే తెరిపి.

క్రిస్మస్ సెలవులు, శని, ఆదివారాల్లో రద్దీ ఎక్కువ. మంగళ, బుధవారాలు నయం. ముక్కోటి ఏకాదశి కూడా తరచు ఈ రోజుల్లోనే వస్తుంది. ఆ రోజు ట్రిప్లికేన్ పార్థసారథి గుడి వైపు రోడ్లన్నీ కిక్కిరిసి ఉంటాయి, దగ్గర్లో గదులు కూడా దొరకవు. పంచాంగం ఒకసారి చూసుకుని తేదీ ఖాయం చేయండి.

ప్రయాణం, బస

విజయవాడ, ఒంగోలు, నెల్లూరు వైపు నుంచి వచ్చేవాళ్ళకు పినాకిని ఎక్స్‌ప్రెస్ చెన్నై సెంట్రల్‌లో దింపుతుంది. హైదరాబాదు నుంచి చార్మినార్ ఎక్కితే ఎగ్మూరులో దిగండి, అకాడమీకి అదే దగ్గర. తిరుపతి నుంచి బస్సులో పొద్దున బయల్దేరి మధ్యాహ్నం కచేరీకి అందుకోవచ్చు. కానీ ఉదయం కార్యక్రమం పోతుంది, అది పోగొట్టుకోకూడదనే మా మాట. ముందు రోజు రాత్రికే చేరండి.

గది రాయపేట, మైలాపూరు, ఆళ్వార్‌పేటల్లో తీసుకోండి. నవంబరు మొదట్లోనే బుక్ చేయకపోతే మిగిలేవి ఖరీదైనవో దూరమైనవో. ఆటో అతనికి ‘మ్యూజిక్ అకాడమీ’ అంటే చాలు, చిరునామా చెప్పక్కర్లేదు. కెథడ్రల్ రోడ్డు టీటీకే రోడ్డును కలిసే కూడలిలోనే ఉంటుంది. మెట్రో పనుల వల్ల ఆ చుట్టుపక్కల దారి మళ్ళింపులు మారుతుంటాయి కాబట్టి పావుగంట ఎక్కువ వేసుకోండి.

ఈశాన్య రుతుపవనాల వాన డిసెంబరులో ఇంకా పూర్తిగా వదలదు, గొడుగు ఉండాలి. లోపల ఏసీ చలికి శాలువా కూడా ఉండాలి. రెండో కచేరీకొచ్చేసరికి భుజాలు బిగుసుకుపోయి, పాట మీద నుంచి ధ్యాస పోయేది చాలామందికి ఈ చలివల్లే. పట్టుచీరలు, పంచెలు ఎక్కువగా కనబడతాయి గానీ ఫలానావే కట్టుకోవాలన్న నిబంధన లేదు. గలగలలాడే గాజులు, చప్పుడు చేసే ప్లాస్టిక్ సంచులు మాత్రం వద్దు.

టికెట్

ఉదయం జరిగే ఉపన్యాసాలకు టికెట్ లేదు, ఎవరైనా వెళ్ళొచ్చు. మధ్యాహ్నం యువ కళాకారుల కచేరీలకు కూడా సంప్రదాయంగా ప్రవేశం ఉచితమే. ఆ ఏటి పట్టికలో ఏవేవి ఉచితమో చూసుకోండి. డబ్బు పెట్టాల్సింది సాయంత్రం కచేరీలకు.

సాయంత్రం సీట్లలో పెద్ద భాగం సభ్యులకు, సీజన్ టికెట్లవాళ్ళకు ముందే పోతుంది. రోజువారీ టికెట్లు కొన్నే మిగులుతాయి. అవి ఆన్‌లైన్లో ఎప్పుడు తెరుస్తారో ముందే తెలుసుకుని, తెరిచిన వెంటనే కొనడం సుఖం. అక్కడ దొరక్కపోతే ఆ రోజు పొద్దున్నే కౌంటరు దగ్గర వరసలో నిలబడాలి. పేరున్న గాయకుల రోజైతే కౌంటరు తెరవకముందే వరస ఉంటుంది. కొనేటప్పుడు అడగాల్సినవి రెండు: ఈ టికెట్ సాయంత్రం రెండు కచేరీలకూ చెల్లుతుందా, సీటు నంబరు ఉందా లేక ముందొచ్చినవారికి ముందా. నంబరు లేని టికెట్ కొని, కచేరీకి అయిదు నిమిషాల ముందు వచ్చి, ఎక్కడో మూల కూర్చోవాల్సి వస్తే ఆ సాయంత్రం పాడైపోయినట్టే.

ఎక్కడ కూర్చోవాలి

వేదిక మీద అమరిక ఏమిటో తెలిస్తే సీటు ఎంచుకోవడం తేలిక. పాడేవారు మధ్యలో ఉంటారు. మన వైపు నుంచి చూస్తే సాధారణంగా ఎడమ పక్క మృదంగం, కుడి పక్క వయొలిన్, వెనక తంబురా. మృదంగం ఎడమ పక్కనే ఎందుకంటే, వాయించేవారి కుడిచేతి వైపు మూత, అంటే మధ్యలో కరణి అనే నల్లటి పూత ఉన్న మూత, శ్రోతల వైపు తిరగాలి. స్పష్టమైన నాదం వచ్చేది అక్కడి నుంచే. ఎడమచేతి వాటంవాళ్ళయితే మృదంగం, వయొలిన్ చోట్లు మార్చుకోవాల్సి వస్తుంది.

దీన్నిబట్టి, మృదంగం మీద వేళ్ళు ఎలా ఆడుతున్నాయో చూడాలంటే హాల్లో కాస్త కుడి వైపు కూర్చోండి. ఎడమ చివర కూర్చుంటే మృదంగ విద్వాంసుడి వీపు కనబడుతుంది. వయొలిన్ మీద గమకం (స్వరాన్ని ఊపి పలికించడం) ఎలా పలుకుతోందో చూడాలంటే దీనికి తిరగేసి, కాస్త ఎడమకు. నాదం కోసమైతే నేల మీద మధ్య వరసలు మేలు. మరీ ముందు వరసల పక్క సీట్లలో స్పీకరు మోత చెవిలో పడుతుంది, తంబురా వినిపించదు. బాల్కనీ కిందికి వచ్చే వెనక వరసల్లో శబ్దం కాస్త మూసుకుపోతుంది. అంతకంటే బాల్కనీ ముందు వరస బాగుంటుంది.

ఆ రోజు

ఉదయం ఎనిమిదింటికల్లా చిన్న హాల్లో సోదాహరణ ప్రసంగాలు మొదలవుతాయి. అక్కడందరూ ‘లెక్‌డెమ్’ అంటారు. రోజుకు రెండు, ఒక్కొక్కటి గంటలోపే. ఒక రోజు ఒక వాగ్గేయకారుడి వర్ణాల (కచేరీ మొదట్లో పాడే రచనల) నిర్మాణం, ఇంకో రోజు మరుగునపడిన రాగం, మరో రోజు వీణ మెట్లు కూర్చడం. ఎక్కువ భాగం ఇంగ్లీషులోనే సాగుతాయి. ఆ ఏడు సంగీత కళానిధి అందుకోబోయే విద్వాంసులే అధ్యక్షత వహించి చివర నాలుగు మాటలు చెబుతారు. పెద్ద పెద్ద గాయకులు శ్రోతల్లో మీ పక్కనే కూర్చుని నోట్సు రాసుకుంటుంటారు. హాలు చిన్నది కాబట్టి ఏడూ నలభైఅయిదుకు లోపలుండాలి. సీజన్ మొత్తంలో మా దృష్టిలో అన్నిటికంటే విలువైనది ఈ రెండు గంటలు. పైసా ఖర్చు లేదు, అయినా బయటి ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు దీన్నే వదిలేస్తారు.

పదింటికి బయటికొచ్చి, పదకొండులోపు భోజనం చేసేయండి. సీజన్‌లో ఆవరణలోనే క్యాంటీన్ పెడతారు, అరిటాకు భోజనం, టిఫిన్లు, ఫిల్టరు కాఫీ ఉంటాయి. పన్నెండు దాటితే వరస పెరుగుతుంది. నిండా భోంచేసి రెండు గంటల కచేరీలో కూర్చుంటే నిద్ర ఆగదు, కడుపు సగం ఖాళీగా ఉంచుకోండి.

పన్నెండు ప్రాంతంలో ఒకటి, రెండు ప్రాంతంలో ఇంకొకటి యువ కళాకారుల కచేరీలు. వీటిని ‘జూనియర్లు’ అని తీసిపారేయకండి. అకాడమీలో అవకాశం రావడమే పెద్ద పరీక్ష కాబట్టి నెలల తరబడి సాధన చేసి వస్తారు. సమయం తక్కువ, పాటలు ఏరి కూర్చినట్టుంటాయి. హాలు కూడా నిండదు కాబట్టి కోరిన చోట కూర్చోవచ్చు. సాయంత్రం ఏ సీటు బాగుంటుందో పరీక్షించుకోవడానికి కూడా ఇదే అదను.

రెండో కచేరీ అయ్యాక నాలుగింటి కచేరీకి ముందు దొరికేది పది పదిహేను నిమిషాలే. హాలంతా ఒక్కసారే క్యాంటీన్ మీద పడుతుంది. కాఫీ తాగాలంటే మంగళం పాడకముందు లేవకండి. అయిపోయాక నేరుగా వెళ్ళి, వరస పెద్దదిగా ఉంటే కాఫీ మానేసి వెనక్కి వచ్చేయండి. నాలుగింటికి పాట మొదలైపోతుంది, ఇక్కడ సమయం అంటే సమయమే. ఆలస్యమైతే పాట మధ్యలో వరస తోసుకుంటూ వెళ్ళకుండా, తలుపు దగ్గరే నిలబడి చప్పట్లు పడ్డాక కదలండి. ఏడింటికి కాస్త అటూఇటూగా మొదలయ్యే చివరి కచేరీ తొమ్మిది దాటాక ముగుస్తుంది.

వినడం

కచేరీ మొదట వర్ణం, తర్వాత ఒకటి రెండు చిన్న కీర్తనలు, ఆ తర్వాత ఓ మోస్తరు విస్తారంతో ఒక రాగం. మధ్యలో ఊపు తెచ్చే చిట్టి కీర్తన ఒకటి పడుతుంది, దాని వెనకే ప్రధాన రాగం. ఇందులో ముందు ఆలాపన (మాటలు, తాళం లేకుండా రాగాన్ని విస్తరించడం), దాన్ని వయొలిన్ తిరిగి పలకడం, కీర్తన, నెరవు (ఒకే పాదాన్ని మళ్ళీమళ్ళీ పాడడం), కల్పన స్వరాలు (అప్పటికప్పుడు అల్లే సరిగమలు), చివర తని ఆవర్తనం (తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగం). రెండున్నర గంటల కచేరీ అయితే రాగం తానం పల్లవి, అంటే ఒకే పల్లవి పాదం చుట్టూ సాగే పెద్ద విస్తారం, కూడా ఉండే అవకాశం ఎక్కువ. తర్వాత పదాలు, జావళులు, తిల్లానా వంటి తేలిక రచనలు, మంగళం. ఇంత తెలిస్తే ఎప్పుడు ఎక్కడున్నారో తెలుస్తుంది, విసుగు రాదు.

తాళం వేయడం ఒక్క సాయంత్రంలో నేర్చుకోవచ్చు. ఎక్కువగా వినబడేది ఆది తాళం, ఎనిమిది లెక్కలు. తొడ మీద ఒక దెబ్బ, తర్వాత చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు: నాలుగు. మళ్ళీ దెబ్బ, అరచెయ్యి వెల్లకిలా తిప్పడం. ఇంకోసారి దెబ్బ, తిప్పడం. ఇదొక ఆవర్తం, అంటే తాళం ఒక చుట్టు. పాడేవారి చేతిని చూస్తూ రెండు ఆవర్తాలు కలపండి, మూడో ఆవర్తానికి మీ చెయ్యి దానంతట అదే పోతుంది. పల్లవి మొదటి అక్షరం దెబ్బ మీదే పడకపోతే తప్పారనుకోకండి, చాలా కీర్తనల ఎత్తుగడ తాళం మొదలైన కాస్త తర్వాత ఉంటుంది. చప్పుడు కాకుండా వేయండి. పక్కవాళ్ళ తొడ చప్పుడు కన్నా వినేవాళ్ళను బాధించేది ఇంకోటి లేదు.

ఇప్పుడు అసలు విషయం. ఆ హాల్లో తెలుగు వచ్చినవాళ్ళకు దక్కేది మిగతా చాలామందికి దక్కదు. వర్ణం తెలుగు, త్యాగరాజు తెలుగు, శ్యామశాస్త్రి కీర్తనలు చాలావరకు తెలుగు, క్షేత్రయ్య పదం తెలుగు, జావళి తెలుగు, చివర ‘పవమాన సుతుడు’ మంగళం తెలుగు. అందులోనూ మాట అర్థమైతే రుచి పదింతలయ్యేది నెరవులో. నెరవంటే కీర్తనలో ఒక్క పాదం తీసుకుని, మాటలూ తాళమూ మార్చకుండా, రాగాన్ని మాత్రం కొత్తకొత్తగా నింపుతూ మళ్ళీమళ్ళీ పాడడం.

ఖరహరప్రియలో త్యాగరాజు ‘పక్కల నిలబడి’ చూడండి. రాముడికి చెరో పక్క నిలబడి కొలిచే సీతనూ లక్ష్మణుణ్ణీ ఆయన అడుగుతున్నాడు: మీరు కొలిచే ముచ్చట మాకు చెప్పరా అని. చరణంలో ‘తనువుచే వందనమొనరించుచున్నారా’, తర్వాత ‘చనువున నామకీర్తన సేయుచున్నారా’, తర్వాత ‘మనసున దలచి మైమరచియున్నారా’. ఒళ్ళు, నోరు, మనసు, ఒక్కో మెట్టూ లోపలికి దిగుతోంది. గాయకులు నెరవుకు తరచు ఈ చరణాన్నే ఎత్తుకుంటారు. మూడు-నాలుగుగా నడిచే మిశ్రచాపు ఏడు లెక్కల్లో ‘మైమరచి’ అన్న మాట పదోసారి వచ్చేసరికి ప్రశ్న అడిగేవాడే మైమరచిపోయినట్టు ఉంటుంది. భాష రానివాళ్ళు అక్కడ స్వరాన్నే వింటారు, మీరు ప్రశ్నను కూడా వింటారు.

దీనికి ముందు సిద్ధపడాలి. వెళ్ళేముందు నెల రోజుల్లో ఇరవై కీర్తనల సాహిత్యం తెలుగు లిపిలో చదువుకోండి. పాట పాటగా నేర్చుకోనక్కర్లేదు, పల్లవి, చరణం అర్థం తెలిస్తే చాలు. చూసి చదివితేనే పదం విరుపు తెలుస్తుంది. రాగం సాగదీతలో ఒక మాట తల ఒక ఆవర్తంలో, తోక ఇంకో ఆవర్తంలో పడుతుంది, ముందు తెలియకపోతే పట్టుకోలేరు. ఉచ్చారణ అక్కడక్కడ తేడాగా వినబడొచ్చు. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. అందుకే తమిళంలో అచ్చయ్యే కీర్తనల పుస్తకాల్లో అక్షరం పక్కన 2, 3, 4 అంకెలు వేసి తేడా చూపిస్తారు. ఆ అంకెలు చూసుకుంటూ మన భాషను తరాలుగా మోస్తున్నవాళ్ళు వాళ్ళు. ఒక గకారం తప్పిందని పక్కవాళ్ళతో గొణగకండి.

తని ఆవర్తనం మొదలవగానే కొందరు లేచి క్యాంటీన్‌కి నడుస్తారు. మీరు లేవకండి. మృదంగం, ఘటం వంతులవారీగా వాయించి, ఆ వంతులు సగానికి, సగంలో సగానికి తగ్గుతూ వచ్చి చివరికి ఇద్దరూ కలుస్తారు. చెయ్యి తాళం వదలకుండా పట్టుకుని ఉంటే, పల్లవి తిరిగి అందుకునే చోటు మీకూ ముందే తెలుస్తుంది. ఆ క్షణంలో హాలంతా ఒక్కసారి ఊపిరి తీసుకుంటుంది.

ఫోను సైలెంట్‌లో పెడితే చాలదు, తెర వెలుగు వెనకున్నవాళ్ళ కళ్ళలో పడుతుంది. కట్టేసి సంచిలో పెట్టండి. రికార్డింగు చేయనివ్వరు. పాట పేరు గుర్తుంచుకోవడానికి చిన్న నోటుబుక్కు, పెన్సిలు తీసుకెళ్ళండి. పాడేవారు రాగం పేరు చెప్పరు కాబట్టి పల్లవి మొదటి రెండు మాటలు రాసుకుంటే, గదికి వెళ్ళాక పుస్తకంలో రాగం, తాళం చూసి పక్కన నింపుకోవచ్చు.

సీజన్ కాని రోజుల్లో

మిగతా నెలల్లో హాలు నాటకాలకు, నృత్యాలకు, ఇతర కార్యక్రమాలకు వాడుకలో ఉంటుంది. ఏదో ఒక కార్యక్రమం ఉన్న రోజు చూసుకుని వెళ్తేనే లోపలికి వెళ్ళడం కుదురుతుంది, ఊరికే చూస్తామంటే గేటు దగ్గరే ఆగాల్సి వస్తుంది. కానీ ఆవరణలో పాత కచేరీల డిజిటల్ భాండాగారం ఉంది, తెర మీద పేరు వెతికి అక్కడే కూర్చుని వినాలి, కాపీలు ఇవ్వరు. ముందు ఫోన్ చేసి వేళలు కనుక్కోండి. వెళ్ళేటప్పుడు వెతకాల్సిన పేర్లూ రాగాలూ ఇంటి దగ్గరే రాసుకుని వెళ్ళండి. తెర ముందు కూర్చున్నాక ఏం వెతకాలో తోచదు, గంట ఇట్టే అయిపోతుంది.